జస్టినా, మార్టీనా, బియాటోనా: గిటార్ నేర్చుకోవాలంటే ఎవరి వీడియోలు మేలు?

గిటార్ కొన్న మొదటి ఏడాది నా చేతిలో గిటార్ కంటే ఫోనే ఎక్కువసేపు ఉంది. ఒక ఆదివారం పొద్దున్నే "ఓ అరగంట వాయిద్దాం" అని కూర్చున్నాను. ట్యూనింగ్ చేసుకున్నాను, పాఠం ఒకటి పెట్టాను, దాని పక్కనే ఇంకోటి కనబడింది, అది అయ్యేలోపు మరోటి. ఆకలేసి లేచేసరికి గిటార్ మంచం మీద బోర్లా పడి ఉంది. ఆ పూట ఫజ్ పెడల్లో (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే, కాలితో నొక్కే పెట్టె) జర్మేనియం ట్రాన్సిస్టర్‌కీ సిలికాన్ ట్రాన్సిస్టర్‌కీ తేడా ఏమిటో తెలిసింది. సి కార్డ్ (కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు) నుంచి జి కార్డ్‌కి మారడం మాత్రం నిన్న ఎంత కష్టంగా ఉందో ఇవాళా అంతే.

అప్పట్నుంచి ఏ చానెల్ చూసినా నేను వేసే లెక్క ఒకటే. వీడియో అయిపోయేసరికి గిటార్ ఎక్కడుంది? ఒళ్లో ఉంటే ఆ చానెల్ నాకు నేర్పుతోంది. మూలన ఉంటే కాలక్షేపం ఇస్తోంది. కాలక్షేపం తప్పని అనను, నేనూ రోజూ చేస్తాను. దాన్ని తీసుకెళ్లి సాధన ఖాతాలో రాసుకోవడంతోనే వస్తుంది చిక్కు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ముందు ఎదురయ్యే ప్రశ్న జస్టినా, మార్టీనా అన్నది. జస్టిన్ శాండర్కో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టి, లండన్ వెళ్లి గిటార్ పాఠాలు చెప్పుకున్నాయన. జస్టిన్‌గిటార్ వెబ్‌సైట్ 2003లో మొదలైంది, అంటే యూట్యూబ్ పుట్టడానికి రెండేళ్ల ముందే. పాటల పుస్తకాలు, యాప్ లాంటివాటికి డబ్బు తీసుకుంటాడు గానీ అసలు కోర్సు ఉచితం. మార్టీ ష్వార్ట్జ్ అమెరికన్. మొదట గిటార్‌జామ్జ్ పేరుతో, తర్వాత మార్టీ మ్యూజిక్ పేరుతో పాటలు నేర్పుతున్నాడు. ఇద్దరూ యూట్యూబ్ తొలినాళ్ల నుంచి ఉన్నవాళ్లే, ఇద్దరిదీ నవ్వుమొహమే. పద్ధతి మాత్రం ఒకరిది తూర్పు, ఇంకొకరిది పడమర.

జస్టిన్‌ది మెట్లు కట్టినట్టుండే పద్ధతి. గ్రేడ్లు, వాటిలో మాడ్యూళ్లు, ఒక్కో మాడ్యూల్‌కి ఇంతని సాధన. మొదటి మాడ్యూల్లో వచ్చే కార్డులు రెండే, డి, ఎ. "రెండు కార్డులకి ఒక పాఠమా!" అని నేను మొదట విసుక్కున్నాను. ఆ విసుగు ఎందుకు తప్పో చెప్పడానికి ఒక చిన్న విషయం చాలు. ఎ కార్డ్‌కి మూడు వేళ్లూ రెండో ఫ్రెట్‌లోనే (గిటార్ మెడ మీద లోహపు కడ్డీల మధ్య గడి), డి, జి, బి అనే పేర్లున్న తీగల మీద పెట్టాలి. చాలామంది వేళ్లని చూపుడు, మధ్య, ఉంగరపు వరసలో పెట్టేస్తారు. జస్టిన్ అలా వద్దంటాడు. మధ్యవేలు డి తీగ మీద, చూపుడువేలు జి తీగ మీద, ఉంగరపువేలు బి తీగ మీద. చూడ్డానికి వంకరగా ఉంటుంది, ఎందుకీ తిప్పలు అనిపిస్తుంది. కానీ డి కార్డ్‌లోనూ చూపుడువేలు ఉండేది సరిగ్గా అక్కడే, జి తీగ రెండో ఫ్రెట్‌లో. అందుకని ఎ నుంచి డికి వెళ్లేటప్పుడు ఆ వేలు లేపక్కర్లేదు, గుంజలా నిలబడి ఉంటే మిగతా రెండూ దాని చుట్టూ తిరుగుతాయి. తర్వాత ఇ కార్డ్ వచ్చినప్పుడు అదే వేలు అదే తీగ మీద ఒక ఫ్రెట్ వెనక్కి జారితే చాలు. ఈ ముక్క నాకు తెలియక నాలుగు నెలలు మూడు వేళ్లూ గాల్లోకి లేపి, మళ్లీ ఒక్కొక్కటీ దింపుకుంటూ కూర్చున్నాను.

ఆయన పెట్టే ఇంకో సాధన, ఒక నిమిషం గడియారం పెట్టుకుని రెండు కార్డుల మధ్య ఎన్నిసార్లు మారగలిగామో లెక్కపెట్టుకోవడం. నిమిషానికి 60 మార్పులు గురి. మొదటి రోజు నాకు 11 వచ్చాయి. వారం తర్వాత 19. ఇందులో సంగీతం ఏమీ లేదు, చెవికి బాగుండదు, పక్కగదిలో వాళ్లు తలుపు వేసుకుంటారు. కానీ చేతికి మార్కులు పడుతుంటే గిటార్ మూలన పెట్టబుద్ధి కాదు. నా కొలబద్ద ప్రకారం జస్టిన్‌కి పోటీ లేనిది ఇక్కడే. ఆయన వీడియో మధ్యలో మనం ఆపాల్సి వస్తుంది, ఆపి వాయించాల్సి వస్తుంది.

మరి మార్టీ ఎందుకు? ఓపిక అయిపోయినప్పుడు. మూడు వారాలు డి, ఎ, డి, ఎ అని కొట్టాక మనిషికి ఒక పాట కావాలి. మార్టీ కూర్చోగానే పాట మొదలైపోతుంది. కష్టమైన కార్డ్ ఉంటే సులువు రూపం చూపిస్తాడు, చూపుడువేలితో ఆరు తీగల్నీ అదిమి పట్టే ఎఫ్ బారె కార్డ్‌కి బదులు నాలుగు తీగల చిన్న ఎఫ్ చాలంటాడు. పది నిమిషాల్లో పాట పూర్తిగా రాకపోయినా పాటలాంటిది వస్తుంది. ఆ "పాటలాంటిది" విలువ తక్కువేమీ కాదు. మానేద్దామనుకున్న రోజున నా చేత మళ్లీ గిటార్ పట్టించింది జస్టిన్ మాడ్యూల్ కాదు, మార్టీ నేర్పిన ఒక మూడు కార్డుల పాట.

లోటు ఎక్కడంటే, మార్టీ ఒక్కడినే పట్టుకుంటే మీకు పాతిక పాటల మొదటి నలభై సెకన్లు వస్తాయి. ప్రతిదాన్నీ మొదలుపెడతారు, దేన్నీ ముగించరు. నాలుగు తీగల ఎఫ్‌కి అలవాటుపడ్డ చెయ్యి ఆరు తీగల ఎఫ్‌కి ఒప్పుకోదు, ఆ బాకీ తర్వాత ఎప్పుడో వడ్డీతో కట్టాలి. నేను కట్టాను. చూపుడువేలిని బల్లపరుపుగా అదిమితే బి తీగ బుస్సుమంటూనే ఉంటుంది. వేలిని కొంచెం పక్కకి, ఎముక గట్టిగా ఉండే వైపుకి ఒరిగిస్తే గానీ మోగదు. ఆ కొంచెం ఎంతో తెలియడానికి రెండు నెలలు పట్టింది.

కాబట్టి నా తీర్పు మొహమాటం లేకుండా: మొదటి ఆరు నెలలూ వారానికి ఐదు రోజులు జస్టిన్, రెండు రోజులు మార్టీ. తలకిందులు చేస్తే సరదాగా ఉంటుంది, చెయ్యి మాత్రం కదలదు.

ఇక్కడ ఒక చేదు అనుభవం. ఈ ఇద్దర్నీ కాదని, మెరుపుల ప్రకటన చూసి వేరే ఒకాయన దగ్గర డబ్బు కట్టి కోర్సు కొన్నాను. పేరెందుకు గానీ, ముప్ఫై రోజుల్లో సోలోలు వాయిస్తారన్నాడు. తీరా చూస్తే పాఠాల్లో సగం ఆయన వాయింపే. అద్భుతంగా వాయిస్తాడు. కెమెరా మాత్రం ఎడమచెయ్యి మీద నిలవదు, మొహానికీ స్ట్రింగులకీ మధ్య గిరగిరా తిరుగుతూ ఉంటుంది. అప్పట్నుంచి ఎవరి కోర్సుకైనా డబ్బు కట్టేముందు ఉచిత వీడియో ఒకటి శబ్దం ఆపేసి చూస్తున్నాను. మాటల్లేకుండా వేళ్లు ఎక్కడున్నాయో అర్థమైతేనే ముందుకెళ్తాను.

మొదటి గట్టు దాటినవాళ్లకి పాల్ డేవిడ్స్ అనే డచ్ గిటారిస్ట్ ఉన్నాడు. చిత్రీకరణ సినిమాలా ఉంటుంది, అదే ఆయన బలమూ, చిక్కూ. ఆ వెలుతురు, ఆ గది, ఆ గిటార్ చూస్తూ ఉండిపోతాం. వెలుతురులో పడి మర్చిపోకుండా ఉంటే, ఒకే కార్డ్‌ని ఫ్రెట్‌బోర్డ్ మీద నాలుగుచోట్ల ఎలా పట్టుకోవచ్చో ఆయన చూపించే తీరు చక్కగా ఉంటుంది. ఈయనకి ఒకసారి ఒక విడ్డూరం జరిగింది. ఈయన వీడియోలోంచే గిటార్ ముక్క తీసుకుని ఎవరో తమ పాటలో వాడుకున్నారు. ఆ పాట తరఫున కాపీరైట్ క్లెయిమ్ వచ్చి ఈయన వీడియో మీదే పడింది. తన సొమ్ము తనే దొంగిలించినట్టు నోటీసు!

ఆ కాపీరైట్ బాధ ఎక్కువగా పడ్డవాడు రిక్ బియాటో. పాటలోని ఒక్కో ట్రాక్‌నీ విడదీసి వినిపిస్తూ, ఈ పాటని గొప్పపాట చేసింది ఏమిటని వివరించే సిరీస్ ఆయనకి పేరు తెచ్చింది. పాట వినిపించకుండా పాట గురించి చెప్పడం కుదరదు, వినిపిస్తే కంటెంట్ ఐడీ (కాపీరైట్ పాటల్ని పసిగట్టే యూట్యూబ్ యంత్రాంగం) ఊరుకోదు. కొన్ని వీడియోలు బ్లాక్ అయ్యాయి, కొన్నింటి ఆదాయం పాట హక్కుదారులకి పోయింది. చివరికి 2020లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు న్యాయమైన వాడకం (ఫెయిర్ యూజ్, అనుమతి లేకుండా కొంత వాడుకోనిచ్చే కాపీరైట్ మినహాయింపు) గురించి సాక్ష్యం చెప్పాడు. నేర్చుకునేవాళ్లకి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. పాటల మీద చేసిన వీడియో ఇవాళ ఉందని రేపు ఉంటుందనుకోకండి. కార్డులు ఒక నోటుబుక్కులో రాసుకోండి.

బియాటోతో పోల్చాల్సింది జస్టిన్‌ని కాదు, ఆడమ్ నీలీని. ఇద్దరూ చేతికి కాకుండా చెవికీ బుర్రకీ పని చెబుతారు. బియాటో స్టూడియోలో రికార్డింగులు చేసి పండిన ప్రొడ్యూసర్. డ్రమ్ముల మీద మైకు ఎక్కడ పెట్టారు, బాస్ అక్కడ ఎందుకు ఆగింది, గాయకుడి రెండో గొంతు ఎక్కడ కలిసింది, ఇవన్నీ పట్టి చూపిస్తాడు. గిటారిస్ట్ పాట్ మెథీనీ, గాయకుడు స్టింగ్ లాంటివాళ్లతో ఆయన చేసిన ఇంటర్వ్యూలు చూడండి, అడిగేవాడికి విషయం తెలిస్తే చెప్పేవాడి మొహం ఎలా వెలుగుతుందో అర్థమవుతుంది. ఆయనలో నాకు సరిపడనిది ఒకటే, ఈకాలం పాటల్లో పసలేదన్న నిట్టూర్పు. పెళ్లిపందిట్లో ఓ మూల కుర్చీ వేసుకుని "మా రోజుల్లో" అని మొదలుపెట్టే పెద్దాయన గుర్తొస్తాడు. పైగా ఆ నిట్టూర్పు థంబ్‌నెయిళ్లకే జనం ఎగబడతారు కాబట్టి అది తగ్గే సూచన లేదు.

నీలీ బాస్ వాయిస్తాడు, సన్‌గేజర్ అనే బృందంలో ఉన్నాడు. ఆయన వీడియోలు వ్యాసాల్లాంటివి, వాదం ఉంటుంది, ఎదుటివాదమూ ఉంటుంది. 2020లో ఒక వీడియోలో, కాలేజీల్లో "మ్యూజిక్ థియరీ" అని నేర్పేది నిజానికి 18వ శతాబ్దపు యూరోపియన్ సంగీతకారుల హార్మనీ శైలి మాత్రమే కదా అని నిలదీశాడు. అందులో హిందుస్తానీ సంగీతం నేర్పే అనుజా కామత్‌తోనూ మాట్లాడించాడు. స్వరం అంటే గమకంతో సహా స్వరం అనుకునే చెవులకి ఆ వీడియో ఎంత ఊరటో చెప్పలేను. గిటార్ పుస్తకాల్లో రాగాన్ని స్కేల్ అని ఒక్క ముక్కలో తేల్చేసినప్పుడల్లా నాకు కలిగే ఇబ్బందికి అక్కడ మాటలు దొరికాయి.

ఇద్దరిలో ఎవరు మేలంటే, వినడం నేర్చుకోడానికి బియాటో, ఆలోచించడానికి నీలీ. నేను రాత్రి భోజనమయ్యాకే ఈ ఇద్దర్నీ పెడతాను, గిటార్ కేసులో పెట్టేశాకే. వీళ్ల వీడియో చూసి "ఇవాళ గంట నేర్చుకున్నాను" అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

ఇక పెడళ్లు, ఆంపులు, కొత్త గిటార్లు చూపించే చానెళ్లు. నిజాయితీగా చెప్పాలంటే నాకు నోరూరేది ఇక్కడే, అందుకే నాకు భయమూ ఇక్కడే. వీటిలో ఎవరి సరుకు ఎవరు చూపిస్తున్నారన్నది ముందు చూసుకోవాలి. ఆండర్టన్స్ ఇంగ్లండ్‌లోని సంగీత వాయిద్యాల దుకాణం, వాళ్ల వీడియో వాళ్ల షెల్ఫ్ మీది వస్తువు గురించే. జేహెచ్ఎస్ పెడల్స్ కంపెనీ జాష్ స్కాట్ తానే పెడళ్లు తయారుచేస్తాడు, అయినా పోటీ కంపెనీల పెడళ్లనీ, పాతకాలపు పెడళ్ల చరిత్రనీ ప్రేమగా చెబుతాడు. ఆ చరిత్ర పాఠాలు నాకు ఇష్టం. దట్ పెడల్ షో వీడియోలు చాలా పొడుగు, తాపీగా సాగుతాయి, ఒకే నాబ్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ తేడా వినిపిస్తారు. కొనబోయేవాళ్లకి ఆ తాపీతనమే మంచిది.

వీళ్లందరి మధ్య ఒక్కడిని ఎంచుకోమంటే నేను జిమ్ లిల్‌కి ఓటేస్తాను. ఎలక్ట్రిక్ గిటార్ ధ్వని ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నని మాటలతో కాక రంపంతో, స్క్రూడ్రైవర్‌తో తేల్చడానికి పూనుకున్నాడాయన. చెక్క వల్లా? మెడ వల్లా? ఒక్కొక్కటీ మారుస్తూ రికార్డ్ చేశాడు. చివరికి గిటార్ ఒళ్లే లేకుండా, రెండు బల్లల మధ్య తీగలు బిగించి, కింద పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) పెట్టి వాయించాడు. వినండి. కళ్లు మూసుకుంటే అది గిటారే! అప్పటిదాకా చెక్క గురించి నేను చదివిన పేజీలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. పికప్, అది తీగకి ఎంత దగ్గరగా ఉంది, ఎక్కడ ఉంది అన్నవే ఎక్కువ తేడా చూపించాయి. ఈ వీడియో చూశాక కొత్త గిటార్ కొనాలన్న నా కోరిక ఆరునెలలు వాయిదా పడింది. సరుకు చూపించే చానెల్ ఒకటి కొనకుండా ఆపిందంటే అది మేలైనదే కదా.

డేవీ504 లాంటి మీమ్‌ల బాసిస్టులు, పదిహేను సెకన్ల షార్ట్స్‌లో మెరుపు వేగంతో సోలోలు కొట్టే కుర్రాళ్లు కూడా ఉన్నారు. నవ్వొస్తుంది, పోతుంది. షార్ట్స్ చూసి మన వేగం చాలదని బెంగపడకుండా ఉంటే వాటి వల్ల నష్టం లేదు.

ఎవరి వీడియో అయినా వాడుకునే తీరులో చాలా ఉంది. వేగం సగానికి తగ్గించుకోవచ్చు, స్వరం స్థాయి మారదు. కంప్యూటర్లో అయితే వీడియో ఆపి, కామా, ఫుల్‌స్టాప్ కీలు నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కీ ముందుకీ జరుగుతుంది. వేలు తీగని వదిలే క్షణం అలాగే పట్టుకున్నాను నేను. వీడియో మీద రైట్‌క్లిక్ చేస్తే లూప్ కూడా ఉంటుంది.

కానీ వీళ్లలో ఒక్కరికీ మన చెయ్యి కనబడదు. గురువు ఎదురుగా ఉంటే "ఆ బొటనవేలు కిందికి దించు" అని ఒక్కమాట అంటాడు, ఆ మాట జస్టిన్ కూడా నాకు అనలేడు. నేను చేసింది ఫోన్ బల్లమీద నిలబెట్టి నన్ను నేనే వీడియో తీసుకోవడం. డి, ఎ మార్పులు ఆలస్యమవుతున్నది ఎడమచేతి వల్ల అని ఏడాదిగా నా నమ్మకం. తీసిన వీడియో చూస్తే ఎడమచెయ్యి బాగానే ఉంది. కార్డ్ మారిన ప్రతిసారీ ఆగిపోతున్నది కుడిచెయ్యి, అనుమతి కోసం ఎదురుచూస్తున్నట్టు గాల్లో.