మెట్‌ఫార్మినా, అకార్బోసా? పేగులోని బ్యాక్టీరియాకు ఏది నచ్చుతుంది?

ఒకే షుగర్ మాత్ర, ఒకే మోతాదు. ఒకరికి చక్కగా పనిచేస్తుంది, ఇంకొకరికి అంతంతమాత్రం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో పేగులో కాపురముండే బ్యాక్టీరియా ఒకటి.

ముందు మెట్‌ఫార్మిన్. మింగినదాంట్లో సుమారు సగమే రక్తంలోకి చేరుతుంది, చేరినది ఏ మార్పూ లేకుండా మూత్రంలో పోతుంది. పేగు గోడల్లో మాత్రం దీని గాఢత రక్తంలో కంటే 30 నుంచి 300 రెట్లు ఎక్కువ. అంత మందు మధ్య బతికే బ్యాక్టీరియా మారకుండా ఎలా ఉంటుంది? 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, అప్పటిదాకా షుగర్ మందులు వాడని 40 మందిలో కొందరికి మెట్‌ఫార్మిన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర నాలుగు నెలలు ఇచ్చారు. మందు వాడాక సేకరించిన మలంలోని బ్యాక్టీరియాను, సొంత సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల పేగుల్లోకి పంపారు. ఎలుకలకు మందు చుక్క కూడా వేయలేదు. అయినా గ్లూకోజ్‌ను తట్టుకునే శక్తి వాటిలో పెరిగింది. నన్ను మెట్‌ఫార్మిన్ వైపు మొగ్గేలా చేసింది ఈ ఎలుకలే.

ఇబ్బంది లేకపోలేదు. మొదటి వారాల్లో కడుపుబ్బరం, విరేచనాలు చాలామందికి పరిచయమే. నెమ్మదిగా కరిగే రకం మాత్రతో ఈ బాధ తగ్గుతుంది. దాని ఖాళీ పెంకు ఒక్కోసారి మలంలో మాత్రలాగే కనిపించి కంగారు పెడుతుంది. మందు అప్పటికే లోపల దిగిపోయి ఉంటుంది.

అకార్బోస్ తీరు వేరు. పిండిపదార్థాన్ని గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్‌లను చిన్నపేగులో అడ్డుకుంటుంది. అరగని పిండి పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియాకు విందే. గ్యాస్ మన వంతు. అసలు ఈ మందును తయారుచేసేదే ఆక్టినోప్లేనస్ అనే బ్యాక్టీరియా. దీనికి విరుగుడూ బ్యాక్టీరియా దగ్గరే దొరికింది: నోటిలో, పేగులో ఉండే కొన్ని రకాలు ఈ మందుకు ఫాస్ఫేట్ తగిలించి పనికిరాకుండా చేస్తాయని 2021లో తేలింది. ఎవరి పేగులో ఏ జాతి ఎక్కువన్నదీ లెక్కే. బాక్టీరాయిడీస్ మెండుగా ఉన్నవారికి ఈ మందు మేలు ఎక్కువగా చేసిందని, ప్రెవొటెల్లా ఎక్కువున్నవారికి అంతగా చేయలేదని చైనాలో జరిగిన పరిశోధన చెప్పింది.

సిటాగ్లిప్టిన్ అనే మరో షుగర్ మందుదీ ఇలాంటి చిక్కే. తిన్నాక ఇన్సులిన్ విడుదలను పెంచే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను విరిచే మన ఒంటి ఎంజైమ్‌ను అది ఆపుతుంది. అదే పని చేసే బ్యాక్టీరియా ఎంజైమ్ దానికి సరిగా లొంగదని 2023లో బయటపడింది.

మొదటి మందుగా నా ఓటు మెట్‌ఫార్మిన్‌కే. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారి సంగతి వేరు. వారికి అది పనికిరాదు. భోజనం తర్వాతే చక్కెర ఎగబాకే వారికి, గ్యాస్‌ను ఓర్చుకోగలిగితే, అకార్బోస్ నప్పుతుంది. దానికి ఇన్సులిన్ తోడైతే గ్లూకోజ్ పొడి దగ్గర ఉంచుకోవాలి. షుగర్ పడిపోయినప్పుడు పంచదార నోట్లో వేసుకున్నా త్వరగా అక్కరకు రాదు, దాన్ని విడగొట్టే ఎంజైమ్‌నూ ఆ మందే ఆపి ఉంచుతుంది.