“హాస్య నవలల కాంబో” అని చూసి ఆర్డర్ పెట్టేయకండి, ముందు లోపలి పేజీల ఫొటో అడగండి

సెలవులకి వెళ్తూ రైల్లో చదువుకోవడానికి సరదా పుస్తకాలు ఆన్‌లైన్లో కొందామనుకుంటున్నారా? ఇంట్లో ఆడవాళ్ళ కోసం కొంటున్నారా? అయితే ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి. మాకు 1,199 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, మా పిన్ని ఎన్నాళ్ళకో ఇల్లు కదిలిన ప్రయాణం పాడైంది. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

మొన్న వేసవిలో నేను, అక్క, వదిన, పిన్ని కలిసి అరకు వెళ్ళాం. అంతకుముందు బాబాయికి ఒంట్లో బాగాలేక ఆరు నెలలు ఆసుపత్రులే. దేవుడి దయవల్ల కోలుకున్నారు. ఆ ఆరు నెలలూ పిన్ని వార్డు బయట బెంచీ మీదే గడిపింది. బాబాయే “నాలుగు రోజులు తిరిగి రా, నేను బాగానే ఉన్నాను” అని పంపించారు. బయల్దేరే ముందు పిన్ని నన్ను కోరింది ఒక్కటే. “ఏడుపులూ, అపార్థాలూ, ప్రేమ త్యాగాలూ ఉన్నవి వద్దే. హాయిగా నవ్వుకునేవి నాలుగు పట్టుకురా.” అక్కకీ వదినకీ కూడా ఆ రకం ప్రేమ నవలలు పడవు. వాటిని ఇష్టంగా చదివేవాళ్ళని నేనేమీ అనను. మా అమ్మ వారపత్రిక సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసిన మనిషి. కానీ వద్దన్నవాళ్ళకి అదే అంటగడితే ఎలా?

ఆన్‌లైన్లో వెతికితే ఒక సెల్లర్ దగ్గర “లేడీస్ హాలిడే కామెడీ కాంబో, 5 నవలలు” కనిపించింది. అట్టల మీద కార్టూన్ బొమ్మలు, గొడుగు పట్టుకుని పరిగెత్తే బామ్మ, పెట్టె మీద కూర్చున్న అమ్మాయి. రేటింగు కూడా బాగానే ఉంది. పార్సిల్ ప్రయాణానికి మూడు రోజుల ముందు వచ్చింది. అందరం రైల్లోనే విప్పుదామని అలాగే సూట్‌కేసులో పెట్టేశాను. మీరు మాత్రం ఈ పని చెయ్యకండి. పార్సిల్ రాగానే విప్పండి, విప్పుతున్నప్పుడు ఫోన్‌లో వీడియో తియ్యండి. రిటర్న్ గడువు ఏడు రోజులే. మేము తిరిగొచ్చేసరికి అది దాదాపు అయిపోయింది.

వైజాగ్‌లో పొద్దున్నే కిరండూల్ రైలు ఎక్కాం. ఘాట్ మొదలైతే సొరంగాల మీద సొరంగాలు వస్తాయి కదా. పిన్ని కిటికీ పక్కన కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని ఒక నవల తెరిచింది. బోగీలో పిల్లలందరూ సొరంగంలో కేకలు పెడుతున్నారు. వెలుగులోకి వచ్చాక చూస్తే పుస్తకం ఒళ్ళో బోర్లించి ఉంది, పిన్ని బయటికి చూస్తోంది. “ఏమైంది పిన్నీ?” అంటే, “ఏం లేదే, ఇందులోనూ ఐసీయూనే” అంది. తీసి చూశాను. 23వ పేజీలో హీరోయిన్ తండ్రి ఐసీయూలో ఉన్నాడు. ఆమె వణికే చేతులతో సంతకం పెడుతోంది. కోటీశ్వరుడైన హీరో వచ్చి బిల్లు కట్టి, దానికి బదులు పెళ్ళి షరతు పెడుతున్నాడు. కార్టూన్ బామ్మ అట్ట మీదే ఉంది, లోపల ఎక్కడా లేదు.

ఆ రాత్రి రూములో అయిదు పుస్తకాలూ మంచం మీద పరిచి చూశాం. మూడు అచ్చంగా కన్నీళ్ళ ప్రేమకథలే. నాలుగోది నవలే కాదు, జోకుల పుస్తకం. భార్య వంట బాగాలేదని, భార్య లావని, భార్య షాపింగ్ మానదని, నూట యాభై పేజీలు ఇదే వరస. వదిన రెండు పేజీలు చదివి పక్కన పడేసింది. ఆడవాళ్ళ కోసం అని అమ్ముతూ ఆడవాళ్ళని వెక్కిరించే పుస్తకం పెట్టడం ఏం న్యాయం?

అయిదోది ఇంకా ఘోరం. అట్ట మీద ఒక పేరు, లోపల ప్రతి పేజీ పైనా ఇంకో పేరు. అట్ట అంచు గోటితో లేపితే కింద పాత అట్ట కనిపించింది. అంటే ఎప్పటిదో అమ్ముడుపోని నవలకి కామెడీ అట్ట అంటించారన్నమాట. 96వ పేజీ తిప్పితే 113 వచ్చింది. సరిగ్గా 16 పేజీలు, అంటే ఒక ఫారం (ఒకే కాగితం మీద అచ్చేసి మడిచే పేజీల కట్ట) మొత్తం, బైండింగ్‌లో పడలేదు. ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, ప్రెస్సు పేరు ఉండాల్సిన పేజీయే లేదు.

సెల్లర్‌కి ఫొటోలు పంపితే వచ్చిన జవాబు: “కామెడీ అనేది మీ టేస్టు మీద ఆధారపడుతుంది మేడమ్, చదివేసిన బుక్స్ రిటర్న్ తీసుకోం.” ఇలాంటి మాటలకి తగ్గకండి. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు తేల్చాలి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. పేజీలు లేని పుస్తకానికి 240 రూపాయలు వెనక్కి వచ్చాయి. మిగతా డబ్బు కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.

నేను గమనించని విషయం ఇంకోటుంది. ఆ రేటింగులన్నీ మళ్ళీ కూర్చుని చదివాను. “డెలివరీ ఫాస్ట్”, “ప్యాకింగ్ బాగుంది”, “నైస్”. కథలో ఫలానా చోట నవ్వొచ్చిందని రాసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ స్టార్లు కొరియర్ అబ్బాయికి ఇచ్చినవి, పుస్తకానికి కాదు.

కాబట్టి కొనే ముందు సెల్లర్‌ని మూడు ఫొటోలు అడగండి: ముద్రణ వివరాల పేజీ, మొదటి పేజీ, మధ్యలో ఏదో ఒక పేజీ. మధ్య పేజీ చాలా చెబుతుంది. హాస్యం ఉన్న పుస్తకంలో సాధారణంగా మనుషులు మాట్లాడుకుంటూ ఉంటారు, ఒకరి మాటకి ఇంకొకరు అడ్డం పడుతూ ఉంటారు. కన్నీళ్ళ నవలలో వాక్యం చివర చుక్కలు, చెమర్చిన కళ్ళు, అదిరే పెదాలు కనిపిస్తాయి. అదే పేజీలో పై వరుసలో ఉన్న పేరు, అట్ట మీద పేరు ఒకటేనా చూడండి. ఫొటో పంపనంటే అక్కడ కొనకండి. పుస్తకాల పేర్లు చెప్పకుండా “5 నవలలు” అని అమ్మే కాంబో అసలే వద్దు.

పేరు చూసి కూడా మోసపోవద్దు, ఇది రెండు వైపులా జరుగుతుంది. పొత్తూరి విజయలక్ష్మి గారి “ప్రేమలేఖ” పేరు చూస్తే మా అక్క ముట్టుకునేది కాదు. కానీ అది చక్కటి హాస్య నవల. జంధ్యాల గారు 1984లో “శ్రీవారికి ప్రేమలేఖ” తీసింది దాని నుంచే. భానుమతీ రామకృష్ణ గారి “అత్తగారి కథలు” పేరు విని అత్తాకోడళ్ళ ఏడుపుగొట్టు సీరియల్ అనుకునేవాళ్ళున్నారు. అందులో ఏడుపు లేదు. అత్తగారి ఆవకాయ, అత్తగారి చాదస్తం, దాన్ని ప్రేమగా చూసి చెప్పే కోడలు ఉన్నారు. చిన్న చిన్న కథలు కాబట్టి ప్రయాణంలో ఎక్కడ ఆపినా ఇబ్బంది లేదు.

వీలైతే చేత్తో పట్టుకుని చూసి కొనండి. హైదరాబాద్‌లో ఉంటే డిసెంబరు పుస్తక ప్రదర్శన, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్. విజయవాడ వైపు ఉంటే ఏలూరు రోడ్డు షాపులు, జనవరి పుస్తక మహోత్సవం. రెండు పేజీలు నిలబడి చదివితే ఎవరూ ఏమీ అనరు.

మేమూ చివరికి అదే చేశాం. అరకు నుంచి వైజాగ్ వచ్చాక ఒక షాపులో “బారిస్టర్ పార్వతీశం” దొరికింది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారిది, మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు పార్వతీశం ఆడవాళ్ళ టోపీ కొని దర్జాగా పెట్టుకుని బయల్దేరిన చోట పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివి మాకు వినిపించింది. ఆరు నెలల తర్వాత పిన్ని అలా నవ్వడం అదే మొదటిసారి. తిరుగు రైలు తుని దాటేసరికి “తరవాతేమైందే, రెండో భాగం ఏదీ?” అని అడిగింది. మా దగ్గర లేదు. ఆ నవల మూడు భాగాలు. చాలాచోట్ల మొదటిది ఒక్కటే పెట్టి పూర్తి నవల అన్నట్టు అమ్ముతారు, అడిగి మూడూ తీసుకోండి.