మోజెల్ ఒడ్డున రెండో వరుస

కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇంటిని, అంటే కారవాన్‌ను, కారు నుంచి విడదీసి, రసమట్టం పెట్టి చూసుకుంటూ చక్రాల కింద దిమ్మెలు దోపే పనిలో నేను చెమటలు కక్కుతున్నాను. నాన్న మాత్రం ఒడ్డున ఉన్న చెట్టునే తేరిపార చూస్తున్నారు. “ఒరేయ్, వరద ఇక్కడిదాకా వచ్చిందిరా” అన్నారు. ఆయన తలకు జానెడు పైన, కొమ్మల సందుల్లో ఎండుగడ్డి, ప్లాస్టిక్ పీలికలు చిక్కుకుని ఉన్నాయి. నాన్న పుట్టి పెరిగింది కోనసీమలోని ఒక లంక గ్రామంలో. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు పొంగినప్పుడు గొడ్లను గట్టెక్కించిన మనిషి. ఏ నది ఒడ్డుకు తీసుకెళ్లినా ముందు నీళ్లను చూడరు, నీళ్లు ఎంతవరకు వచ్చి వెళ్లాయో చూస్తారు.

మేమున్నది జర్మనీలో, మోజెల్ నది పక్కన. కిందటి జూన్‌లో ఎనిమిది రోజుల ప్రయాణం. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉండే మేము ముగ్గురం, అంటే నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల అమ్మాయి. వేసవికి మా దగ్గరకు వచ్చిన నాన్న నాలుగో మనిషి. మా చెల్లెలి పురుడు కోసం అమ్మ హైదరాబాదులోనే ఉండిపోయింది.

కారవాన్ అద్దెకు తీసుకున్నాం. దానంతట అదే నడిచే ఇంటిబండి, మోటర్‌హోమ్, ఎందుకు తీసుకోలేదని స్నేహితులు అడిగారు. కారవాన్‌ను ఒకచోట దింపేస్తే ఇక కారులో ఎక్కడికైనా తిరగవచ్చు. మోటర్‌హోమ్ అయితే పాలప్యాకెట్టుకు కూడా ఇల్లంతా కదలాలి. కాకపోతే మెలికలు లేకపోలేదు. ఇక్కడి మామూలు బి తరగతి లైసెన్సుతో ఇలాంటి బండిని లాగాలంటే, కారుకు, కారవాన్‌కు అనుమతించిన గరిష్ఠ బరువులు రెండూ కలిపి 3,500 కిలోలు దాటకూడదు. మావి 2,000, 1,300. బతికిపోయాం. వంద వేగానికి అనుమతినిచ్చే స్టిక్కరు మా బండికి లేదు కాబట్టి ఆటోబాన్ మీద కూడా గంటకు 80 కిలోమీటర్లే. ఇంకో మెలిక నాకు ముందు తెలియదు. మోజెల్ పక్కన దాదాపు ప్రతి ఊళ్లోనూ చవకగా రాత్రి బస చేసే ష్టెల్‌ప్లాట్స్ అనే స్థలాలు ఉంటాయి, కానీ వాటిలో చాలావరకు మోటర్‌హోమ్‌లకే. కారవాన్ లాక్కుని వెళితే వెనక్కి పంపేస్తారు. మనకు క్యాంప్‌సైటే గతి.

మొదటి మకాం కొఖెమ్‌కు దిగువన. క్యాంప్‌సైట్ పేరు చెప్పను. మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు చేరాం. గేటు వేసి ఉంది. జర్మనీలో చాలా క్యాంప్‌సైట్లకు మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు వరకు విశ్రాంతి వేళ. బండ్లు లోపలికీ రావు, బయటికీ పోవు. బుకింగు కాగితంలో ఆ ముక్క ఉందట, నేనే చదవలేదు. కాబట్టి ఆ రెండు గంటలూ రోడ్డు పక్కన పులిహోర తింటూ గడిపినందుకు వాళ్లను తప్పుపట్టను. తప్పుపట్టేది ఆ తరువాతి సంగతికి.

రోజుకు ఆరు యూరోలు ఎక్కువ కట్టి మొదటి వరుస తీసుకున్నాం. కిటికీ తెరిస్తే నది. ఫోటోలు చూసినవాళ్లు ఈర్ష్యపడ్డారు. ఫోటోలో కనబడనివి చెబుతాను. మా గుమ్మానికీ నీటికీ మధ్య సైకిళ్ల దారి ఉంది. పొద్దున్న ఏడింటి నుంచి గంటలు మోగిస్తూ గుంపులు గుంపులుగా పోతూనే ఉంటారు, పోతూ పోతూ మన ఉప్మా గిన్నెలోకి తొంగిచూస్తారు. ఒడ్డుకు కంచె లేదు, పిల్ల ఆడుకుంటున్నంతసేపూ ఒకరు కాపలా ఉండాల్సిందే. అన్నిటికంటే పెద్ద బెడద రైలు. కోబ్లెంజ్ నుంచి వచ్చే లైను కొఖెమ్ వరకు నది ఎడమ గట్టును పట్టుకునే వస్తుంది. రాత్రి రెండింటికి గూడ్సు వెళితే లోయ మొత్తం తప్పెటలా మోగుతుంది. ఎదుటి గట్టున ఉన్నా తప్పదు, నీటి మీద చప్పుడు ఇంకా బాగా సాగి వస్తుంది. వెళ్లే ముందు మ్యాపులో రైలు గీతను చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

కరెంటు ముచ్చట ఇంకొకటి. మా స్థలానికి ఇచ్చింది ఆరు ఆంపియర్లు, అంటే సుమారు 1,380 వాట్లు. మా ఆవిడ రైస్ కుక్కర్ పెట్టింది, అదే సమయంలో నాన్న టీ కోసం 2,000 వాట్ల కెటిల్ నొక్కారు. ఫ్యూజు ఎగిరింది. ఫ్యూజు పెట్టెకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఆఫీసులో ఉంది, ఆఫీసు విశ్రాంతి వేళలో ఉంది. అన్నం సగం ఉడికి ఆగిపోయింది. మూడింటికి వచ్చినాయన పెట్టె తెరిచి మీట నొక్కి, “ఒకసారికి ఒకటే వాడండి” అని చెప్పి వెళ్లిపోయాడు. ఎన్ని ఆంపియర్లు ఇస్తారో బుకింగులో ఎక్కడా రాయలేదు. రాసి ఉంటే గ్యాసు పొయ్యి మీదే అన్నం వార్చుకునేవాళ్లం. నాన్న ఆ పెట్టెను చూసి ఇంకో మాట అన్నారు: “మోకాలెత్తున పెట్టారేమిట్రా, వరదకు మునగదూ?”

కారవాన్‌లో టాయిలెట్ క్యాసెట్, అంటే మలమూత్రాలు చేరే పెట్టె, ఖాళీ చేయడం గురించి చాలామంది మొహమాటపడతారు. అది సూట్‌కేసులా చక్రాల మీద లాక్కుని వెళ్లి, దానికోసం కట్టిన తొట్టిలో పోసి, కడిగి, మళ్లీ మందు వేసుకుని రావడమే. పొద్దున్నే ఆ వరుసలో నిలబడితే పక్కవాళ్లతో పరిచయాలు కూడా అవుతాయి. “ఇది నదిలోకి వదలరు కదా” అని నాన్న నాచేత అడిగించి, లేదని చెప్పాకే స్థిమితపడ్డారు.

కొఖెమ్ గురించి పెద్దగా చెప్పను. కొండ మీది కోట అందంగానే ఉంటుంది గానీ, ఫ్రెంచి సేనలు 1689లో కూల్చేసిన శిథిలాన్ని 1868 నుంచి ఒక బెర్లిన్ వ్యాపారి తన అభిరుచి మేరకు కట్టించుకున్నది. జనం విపరీతం. దానికంటే ఎల్ట్స్ కోటకు వెళ్లండి. ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఒకే వంశం చేతిలో ఉంది, ఎప్పుడూ కూలలేదు. పాత 500 మార్కుల నోటు మీద ఉండేది ఈ బొమ్మే. అయితే కోట దగ్గరికి కారవాన్‌తో బయలుదేరకండి, ఆ మలుపుల్లో వెనక్కి తిప్పడం నరకం.

నాలుగో రోజు నది ఎగువకు కదిలాం. ఈసారి మ్యాపు చూశాను. కొఖెమ్ దాటగానే రైలు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సొరంగంలో దూరి ఒక పెద్ద వంపును తప్పించుకుంటుంది, బులై దగ్గర మళ్లీ నది దాటుతుంది, ప్యుండెరిష్ దాటాక మోజెల్‌ను పూర్తిగా వదిలేసి కొండల్లోకి పోతుంది. అక్కడి నుంచి బెర్న్‌కాస్టెల్ వైపు వెళితే రాత్రి గూడ్సులు ఉండవు.

రెండో క్యాంప్‌సైట్ అక్కడే, ఒక చిన్న ఊరి చివర. దీనికీ పేరు పెట్టను, అందరూ వెళితే నాకు చోటు దొరకదు. లోపలికి అడుగుపెట్టగానే నాన్న ముఖం వికసించింది. స్నానాల గదులు గట్టు పైన కట్టారు. కరెంటు పెట్టెలు మనిషెత్తు స్తంభాల మీద ఉన్నాయి. ఆఫీసు చక్రాల మీద నిలబెట్టిన బండి. చలికాలంలో ఈ పచ్చిక చాలాసార్లు మునుగుతుందని, అందుకే అక్టోబరు చివరికి అన్నీ విప్పేసి పైకి చేరుస్తామని ఆఫీసులోని పెద్దావిడ చెప్పింది. ఊళ్లో ఒక ఇంటి గోడకు వరద గుర్తులు చెక్కి ఉన్నాయి, 1993 డిసెంబరుది కిటికీ కంటే పైన. నాన్న దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. ఈ ప్రయాణంలో ఆయన అడిగి తీయించుకున్న ఫోటో అదొక్కటే.

మొదటి వరుస ఖాళీ ఉందన్నారు, మేము రెండో వరుస అడిగాం. ఒక వాల్‌నట్ చెట్టు నీడ, 16 ఆంపియర్లు, నలుగురికీ కలిపి రాత్రికి 37 యూరోలు, కరెంటు మీటరు ప్రకారం వేరే. కొఖెమ్ దిగువన మొదటి చోట రాత్రికి ఇచ్చింది 46. రాత్రి చెబితే పొద్దున్న ఎనిమిదింటికి వేడి రొట్టెలు సిద్ధం. లోపాలు లేవని కాదు. వేడినీళ్ల స్నానానికి యాభై సెంట్ల నాణెం వేయాలి, నురగ కడుక్కునే లోపు నీళ్లు ఆగిపోతాయి. ఫోన్ సిగ్నలు గట్టెక్కితేనే. దుకాణానికి నాలుగు కిలోమీటర్లు.

సాయంత్రాలు నాన్న కుర్చీ వేసుకుని నదిని చూసేవారు. “నీళ్లకు నడక లేదు, చెరువులా ఉంది” అన్నారు. నిజమే. 1956లో ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ ఒప్పందం చేసుకుని, పెద్ద పడవలు పోయేలా ఆనకట్టలు, లాకులు కట్టి 1964లో తెరిచాయి. ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా పది లాకులు. “మనకు ధవళేశ్వరం ఒకటైతే వీళ్లకు పదా!” అని, మర్నాడు లాకు దగ్గరికి తీసుకెళ్లమన్నారు. నూరు మీటర్ల పైబడిన పడవ ఇరుగ్గా లోపలికి దూరి మెట్టు దిగినట్టు దిగిపోవడం చూస్తూ ఇద్దరూ, తాతా మనవరాలూ, గంటన్నర కదలలేదు. టిక్కెట్టు లేని వినోదం.

బెర్న్‌కాస్టెల్-కూస్‌లో అందరూ కొయ్యచట్రాల ఇళ్ల ముందు ఫోటోలు దిగుతారు. వంతెన దాటి కూస్ వైపుకు కూడా వెళ్లండి. 1401లో ఆ ఊళ్లోనే పుట్టిన నికొలాస్ అనే కార్డినల్ ముప్ఫై ముగ్గురు వృద్ధుల కోసం స్థాపించిన ఆశ్రమం అక్కడ ఉంది. ఇప్పటికీ వృద్ధులు ఉంటున్నారు, దానికి సొంత ద్రాక్షతోటలు ఉన్నాయి. నేను చరిత్ర వివరించబోతుంటే నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు: “మాన్యాలున్న సత్రం.”

చివరి రాత్రి ట్రియర్‌లో. రోమన్లు కట్టిన, కాలంతో నల్లబడిన రాతి ద్వారం చూడదగ్గదే గానీ బస కేవలం పడుకోవడానికి. పక్కన రహదారి, గరుకు నేల, మేకు దిగదు. ఇక్కడ ఒక్క రాత్రి చాలు.

సెప్టెంబరుకు ఆ రెండో చోటుకే మళ్లీ ఉత్తరం రాశాను. వాల్‌నట్ చెట్టు కింది స్థలం అడిగాను. అప్పటికి కాయలు రాలి కారవాన్ కప్పు మీద పడుతుంటాయి, పరవాలేదా అని పెద్దావిడ జవాబు. పరవాలేదని రాసి, బయానా పంపాను.