టర్కీ కీమా ర్యాప్స్‌కి ఐస్‌బర్గా, బటర్ లెట్యూసా?

వీక్‌డేస్‌లో రాత్రి తొందరగా అయిపోవాలంటే టర్కీ కోడి కీమా బెస్టే, పెద్ద మంట మీద పది నిమిషాల్లో వేగిపోతుంది, కానీ దాన్ని చుట్టే లెట్యూస్ (సలాడ్ ఆకు) దగ్గరే అసలు తేడా. క్యాబేజీలా ఉండే ఐస్‌బర్గ్ లెట్యూస్ కరకరలాడుతుంది, వేడి కీమా పడ్డా వెంటనే వాడిపోదు, కాకపోతే విడదీసేటప్పుడు చిరిగిపోతుంది, అందుకే అడుగున గట్టి కాడ కోసేసి ఆ గుంతలో చన్నీళ్లు ధారగా పోస్తే పొరలు వదులవుతాయి. బటర్ లెట్యూస్ ఆకులు చిన్న గిన్నెల్లా ఉంటాయి, మెత్తన కాబట్టి మడిస్తే విరగవు, సాస్ ఎక్కువైతే మాత్రం కారిపోవడం ఖాయం. ఏదైనా కడిగాక తడి లేకుండా తుడవాల్సిందే. కీమాలో నీరు ఇగిరి అక్కడక్కడా ఎర్రబడ్డాకే సోయాసాస్ వెయ్యండి, లోపల 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. నా ఓటు ఐస్‌బర్గ్‌కే, పిల్లలు తినేటట్టయితే బటర్.