యూఆర్ఎల్ రూల్: ఎగ్జాక్ట్ మ్యాచా, కంటెయిన్సా?

సైట్‌లో ఒక్క పేజీకి వచ్చినవాళ్లకే ఆఫర్ పాపప్ చూపించాలంటే పాపప్ టూల్‌లో యూఆర్ఎల్ (పేజీ అడ్రస్) రూల్ పెట్టాలి. అడ్రస్ మీరిచ్చినట్టు అచ్చంగా ఉంటేనే చూపించేది ఎగ్జాక్ట్ మ్యాచ్, అందులో మీరిచ్చిన ముక్క ఉంటే చాలనేది కంటెయిన్స్. ఈ రెండిట్లో ఏది పెట్టాలన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు.

ఎగ్జాక్ట్‌కి చాదస్తం ఎక్కువ. చివర స్లాష్ ఉన్నా లేకపోయినా పట్టించుకునే టూల్స్ ఉన్నాయి. అంతకంటే పెద్ద తలనొప్పి యాడ్స్‌తో: ఫేస్‌బుక్ లింక్ నొక్కి వస్తే అడ్రస్ చివర ప్రశ్న గుర్తు పెట్టి ఎఫ్‌బీక్లిడ్ అని, గూగుల్ యాడ్ నుంచైతే జీక్లిడ్ అని పొడుగాటి తోక తగులుకుంటుంది, మీ టూల్ ఆ తోకను కూడా అడ్రస్‌లో భాగంగా లెక్కేసేదైతే డబ్బు పోసి రప్పించిన జనానికే పాపప్ కనపడదు. ఇంతకన్నా దండగ ఏముంది?

కంటెయిన్స్‌కి ముక్క దొరికితే చాలు, తోకతో పనిలేదు. కానీ ఇంగ్లీషులో 'సేల్' అని ఇచ్చి వదిలేస్తే హోల్‌సేల్ పేజీలోనూ పాపప్ ఊడిపడుతుంది. ఆ మాట ముందు ఒక స్లాష్ చేర్చి ఇవ్వండి, చాలావరకు గొడవ తీరుతుంది.

యాడ్స్ నడిపే పేజీలకు నా ఓటు కంటెయిన్స్‌కే. హోమ్ పేజీకి మాత్రం వద్దు, సైట్ అడ్రస్ ప్రతి పేజీ అడ్రస్‌లోనూ ఉంటుంది కాబట్టి పాపప్ సైటంతా తిరుగుతుంది. అక్కడ ఎగ్జాక్టే పెట్టి, క్వెరీ పారామీటర్లు (అదే, ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే తోక) పట్టించుకోవద్దనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి.