18 నిండాక ఎక్కడికి: ఆఫ్టర్‌కేర్ హోమా, అద్దె గదా, చుట్టాల ఇల్లా?

బాలసదనంలోనో, ఏదైనా సంస్థ నడిపే హోమ్‌లోనో పెరిగిన పిల్లలకు 18 నిండగానే మూడు దారులు కనిపిస్తాయి. ఆఫ్టర్‌కేర్ హోమ్‌కు, అంటే 18 దాటి సంస్థ వదిలినవాళ్లకు కొన్నాళ్లు ఆసరా ఇచ్చే హోమ్‌కు మారడం, తోటివాళ్లతో కలిసి గది అద్దెకు తీసుకోవడం, ఉన్న చుట్టాల దగ్గరికి వెళ్లిపోవడం. ఇంటర్ పరీక్షల టెన్షన్‌లో ఉండగానే ఇది తేల్చుకోవాల్సి వస్తుంది.

డిగ్రీయో, నర్సింగో, పాలిటెక్నికో చదువుతున్నవాళ్లకు ఆఫ్టర్‌కేరే మేలు, ఇందులో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. 2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం ప్రకారం 21 ఏళ్ల వరకు, దాని కింద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు ఈ సాయం అందించే వీలుంది. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కానీ ఇది అడక్కుండా వచ్చేది కాదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం చుట్టూ తిరగాలి, అదీ హోమ్ వదలక ముందే. ఇంకో చిక్కు, ఇక్కడా గంట కొడితేనే భోజనం, గేటుకు టైమింగ్స్. ఇరవై ఏళ్లొచ్చినా కరెంటు బిల్లు ఎలా కట్టాలో తెలియనివాళ్లు తయారయ్యేది ఇలాగే.

అద్దె గదిలో ఆ పనులన్నీ మొదటి నెలలోనే వచ్చేస్తాయి, రాక తప్పదు. కానీ ముందు గది దొరకాలి కదా. ఓనరు అడ్వాన్స్ సంగతి తర్వాత మాట్లాడదామంటాడు. "మీ నాన్నగారి నంబరు ఇవ్వు బాబూ" అంటాడు ముందు. "లేరండీ" అంటే, "పోనీ అమ్మగారిది?" ఆధార్ చూపిస్తే అందులో హోమ్ అడ్రసు. అంతే, "మా అబ్బాయితో మాట్లాడి చెప్తాలే" అని తలుపు వేసేస్తాడు. గది దొరికాక వంట. వందమందికి వండిన అన్నం తిని పెరిగినవాడికి ఇద్దరికి ఎన్ని గ్లాసుల బియ్యం పోయాలో తెలియదు. ఊళ్లో ఆ 4,000 అద్దెకూ సరుకులకూ ఎలాగోలా సరిపోవచ్చేమో గానీ, హైదరాబాద్‌లో గది అద్దెకే సరిపోదు. అందుకే చేతిలో జీతం ఉన్నవాళ్లకే ఈ దారి, అదీ ఓనరుతో మాట్లాడగల పెద్దమనిషి ఒకరు వెనక ఉంటేనే. ఇంతకీ ఆరుగురు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండేలా ఇళ్లు ఏర్పాటు చేయొచ్చని 2016 నిబంధనల్లోనే ఉంది. హోమ్‌కూ ఒంటరి గదికీ మధ్య అది చాలా నయం. నన్నడిగితే ఆఫ్టర్‌కేర్ డబ్బులో ఎక్కువ భాగం ఇలాంటి ఇళ్లకే పెట్టాలి.

చుట్టాల ఇల్లు వినడానికి బాగుంటుంది. పదేళ్లుగా చూడ్డానికి రాని మేనమామ 18 నిండగానే వచ్చాడంటే, ఎందుకొచ్చాడో కనుక్కోవాలి. ఆడపిల్లలకైతే వెళ్లిన ఏడాదిలోపే పెళ్లి మాట ఎత్తుతారు, చదువు ఆగిపోతుంది. పండగలకూ సెలవులకూ వచ్చి తీసుకెళ్లిన పిన్నో పెద్దమ్మో ఉంటే ఆ లెక్క వేరు, అప్పుడు నిశ్చింతగా వెళ్లొచ్చు.

ఫోస్టర్ కుటుంబంలో, అంటే దత్తత తీసుకోకుండానే తమ ఇంట్లో పెట్టుకుని పెంచేవాళ్ల దగ్గర, పెరిగినవాళ్లు మన దగ్గర తక్కువే. కేంద్రం 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒంటరి వ్యక్తులూ ఫోస్టర్ కేర్‌కు పిల్లల్ని తీసుకోవచ్చన్నాయి, ముందు ముందు పెరగొచ్చు. పెంచినవాళ్లు "ఉండు నాన్నా" అంటే అంతకన్నా మేలైనది లేదు. ఇంగ్లండ్‌లో 2014 నుంచి, ఇరువైపులా ఇష్టమైతే 21 వరకు ఫోస్టర్ ఇంట్లోనే ఉండేలా స్థానిక ప్రభుత్వాలు సాయం చేయాలన్న చట్టం ఉంది. మన చట్టం ఆఫ్టర్‌కేర్‌ను సంస్థల్లోంచి బయటికొచ్చినవాళ్లకే అని రాసుకుంది, ఫోస్టర్ ఇంటి పిల్లల ఊసే లేదు. ఇది మార్చాలి.

ఈ దారులు ఎంచుకోవడంలో అధికారుల కన్నా ఎక్కువ పనికొచ్చేది ముందు వెళ్లిన అన్నలూ అక్కలూ చెప్పే మాట. ఏ కాలేజీలో ఫీజు తగ్గిస్తారు, ఆధార్‌లో అడ్రసు ఎలా మార్చుకోవాలి, జ్వరం వచ్చిన రాత్రి ఎవరికి ఫోన్ చేశారు, ఇవన్నీ వాళ్లకే తెలుసు. కానీ మనం వాళ్ల కథ చెప్పించేది దాతల మీటింగులో, స్టేజీ మీద, కన్నీళ్లు పెట్టించడానికి. హోమ్‌లో ఉన్న పిల్లలను గుర్తుపట్టేలా వివరాలు మీడియాలో బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. పెద్దయ్యాక చెప్పుకోవడం వాళ్ల ఇష్టం, అందులో ఎంత చెప్పాలన్నదీ వాళ్ల ఇష్టమే. మైకు తీసేసి, వార్డెన్ కూడా లేకుండా, ఆదివారం ఓ పూట వాళ్లను ఇంటర్ పిల్లలతో కూర్చోబెడితే చాలు. రానుపోను బస్సు ఛార్జీలు దాతలు పెట్టుకోవచ్చు.