ష్లెమ్మర్: గీతలు మేలా, రంగులు మేలా?

జర్మన్ చిత్రకారుడు ఆస్కార్ ష్లెమ్మర్‌ని కొత్తగా చూసేవాళ్లు డ్రాయింగులతో మొదలుపెట్టాలా, పెయింటింగులతోనా? నన్నడిగితే ముందు డ్రాయింగే. కానీ ఎక్కువసేపు నిలబడాల్సింది మాత్రం పెయింటింగ్ ముందు.

1924 నాటి సిరా బొమ్మ ఒకటుంది. ఖాళీ గది మధ్యలో ఒక మనిషి. నేల నుంచి, గోడల నుంచి, పైకప్పు మూలల నుంచి సన్నటి గీతలు వచ్చి అతని ఒంటి చుట్టూ అల్లుకుంటాయి. మొదట సాలెగూట్లో చిక్కుకున్నట్టు కనిపిస్తాడు. కాసేపు చూశాక ఆ గూడు అల్లింది అతనేనేమో అనిపిస్తుంది. చెయ్యి కదిపితే గదంతా కదిలేటట్టు ఉంటుంది.

అప్పట్లో ష్లెమ్మర్ జర్మనీలోని బౌహౌస్ అనే కళల బడిలో రంగస్థల విభాగం చూసుకునేవాడు. గదికి పొడవు, వెడల్పు, ఎత్తుల లెక్క. మనిషికి గుండె, ఊపిరి, రక్తాల లెక్క. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయన్నదే అతని ప్రశ్న. తర్వాత నర్తకి ఒంటికి పొడవాటి కర్రలు కట్టి ఆడించాడు కూడా. కాళ్లూ చేతుల గీతలు గాలిలోకి సాగిపోయాయి, కాగితం మీది బొమ్మకి ప్రాణం వచ్చినట్టు.

డ్రాయింగ్‌లో ఆలోచన దాపరికం లేకుండా కనిపిస్తుంది. ఫోన్‌లో చూసినా పెద్దగా నష్టం లేదు. బొమ్మలు నేర్చుకుంటున్నవాళ్లయితే చూసి ఒకసారి వేసుకోవాలి, చేతికి చాలా తెలుస్తుంది. అయితే ఆ మనిషికి బరువు లేదు, అతని చుట్టూ గాలి లేదు.

ఆ రెండూ 1932 నాటి 'బౌహౌస్ మెట్లు'లో దొరుకుతాయి. తను పాఠాలు చెప్పి వదిలొచ్చిన బడి డెస్సౌలో మూతపడుతున్న రోజుల్లో వేసిన నూనెరంగుల చిత్రం. ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. ఎత్తు సుమారు 162 సెంటీమీటర్లు, దాదాపు మనిషెత్తు. కుర్రవాళ్లు, అమ్మాయిలు మెట్లెక్కి వెళుతున్నారు, చాలామంది మనకి వీపు పెట్టి. అంచుల దగ్గర కొందరు సగమే కనిపిస్తారు. పైన ఎడమవైపు ఒకరు మునివేళ్ల మీద నిలబడ్డారు. వెనక గళ్లుగళ్లుగా పెద్ద అద్దాల కిటికీ.

ఇందులో ఒక్క గీతా గీసి చూపించలేదు. అయినా ఒక వీపుకీ ఇంకో వీపుకీ మధ్య ఎంత చోటుందో ఒంటికి తెలుస్తుంది. కింది మెట్టు దగ్గర నిలబడింది మనమే. వాళ్లలో ఎవరూ వెనక్కి తిరిగి చూడకపోవడం నాకు గుండెలో గుచ్చుకుంటుంది. ఈ అనుభవం ఫోన్‌లో సగం కూడా రాదు.

పెయింటింగులన్నీ ఇంత గొప్పవని అనను. కొన్నింటిలో తలలు ఏటికొప్పాక లక్కబొమ్మల్లా నున్నగా, అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. అలాంటి చోట్ల డ్రాయింగే నయం.

ఈ పోటీలోకి రానివి, నాకు అన్నిటికంటే ఇష్టమైనవి, 1942 నాటి కిటికీ బొమ్మలు. 1933లో నాజీలు ఉద్యోగం తీసేశారు. 1937లో అతని చిత్రాలను 'దిగజారిన కళ' అంటూ మ్యూనిక్ ప్రదర్శనలో పెట్టి అవమానించారు. చివరికి వుప్పర్టాల్‌లో ఒక రంగుల ఫ్యాక్టరీ వాళ్లు చేరదీస్తే అక్కడ పనిచేశాడు. అక్కడే తన కిటికీలోంచి ఎదుటి ఇళ్ల కిటికీలను చూస్తూ చిన్న చిన్న బొమ్మలు వేశాడు. పెన్సిలూ, నీటిరంగులూ, నూనెరంగులూ ఒకే బొమ్మలో కలిసిపోయాయి.

1924లో గదంతా అల్లిన గీతలు ఇక్కడ కిటికీ చట్రంలోని అడ్డకర్ర, నిలువుకర్రగా మిగిలాయి. వాటి వెనక ఊదారంగు నీడలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ముఖం ఆనవాలు పట్టలేం. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ష్లెమ్మర్ చనిపోయాడు.